విశాఖలో హోమ్ లోన్ ఆఫీసర్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హోమ్ లోన్ సేల్స్‌లో కొత్తగా చేరినవాళ్లు వారం తిరక్కుండానే ఫోన్ చేసి, కొనేవాళ్లను మన దగ్గరికి పంపే రియల్ ఎస్టేట్ ఏజెంట్లతో ఎలా మెలగాలని అడిగేవి ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఇదే నా పని. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా ఎవరూ పరిచయం లేనప్పుడు

వైజాగ్‌లో ఇంతమంది బ్రోకర్లున్నారు, ఎవరి దగ్గర మొదలుపెట్టాలి?

ముందు ఒక ఏరియా పట్టుకోండి. మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం వైపు కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కువ. పెద్ద ప్రాజెక్టు సైట్ ఆఫీసులో మీకంటే ముందే నలుగురు బ్యాంకుల వాళ్లు కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఆనందపురం, భీమిలి, భోగాపురం దారిలో ప్లాట్ల వ్యాపారం. ఆదివారం వెంచర్ దగ్గర ఆగిన కార్లు చూసి మోసపోకండి, అందులో చాలామంది లోన్ అక్కర్లేకుండా చేతిలో డబ్బు పెట్టుకుని వచ్చేవాళ్లే. గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్ ప్లాంట్ ఉద్యోగులు, వాళ్ల పిల్లలు, ఇండిపెండెంట్ ఇళ్లు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెంలో పాతికేళ్ల నాటి ఫ్లాట్లు చేతులు మారుతుంటాయి.

నన్నడిగితే రీసేల్ ఫ్లాట్లు చూసే ఏజెంటు దగ్గర మొదలుపెట్టండి. బిల్డరుకి కాగితాలు చూడ్డానికి ఆఫీసు ఉంటుంది, బ్యాంకులతో మాట్లాడ్డానికి మనిషి ఉంటాడు. రీసేల్ ఏజెంటుకి ఎవరూ ఉండరు. పాత డాక్యుమెంట్లు, పెద్దవయసు ఓనర్లు, అమెరికాలో ఉన్న కొడుకు, ఇక్కడ తొందరపడే కొనుగోలుదారు, అందరి మధ్యా అతనొక్కడే. మీ అవసరం నిజంగా ఉన్నది అతనికే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేని ఏజెంటుతో పనిచెయ్యొచ్చా?

2016 రెరా చట్టం ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటో ప్లాటో అమ్మిపెట్టే ఏజెంటు తను కూడా రిజిస్టర్ అయి ఉండాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ప్రాజెక్టుకు నమోదు తప్పనిసరి. అంటే కొత్త ప్రాజెక్టుల్లో తిరిగే ఏజెంటుకి నంబర్ లేకపోతే దూరంగా ఉండండి. ఏపీ రెరా సైట్‌లో చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పాత ఇండిపెండెంట్ ఇళ్లు అమ్మిపెట్టే పెద్దాయన సంగతి వేరు. ఆయన్ని మనిషిని బట్టి, చేయించిన రిజిస్ట్రేషన్లను బట్టి చూసుకోవాలి.

నాకు నెల టార్గెట్ ఉంది. ఎంతమంది ఏజెంట్లుంటే సరిపోతుంది?

ఎనిమిదో పదో. ఫోన్ ఎత్తగానే గొంతు గుర్తుపట్టేవాళ్లు. జేబులో రెండొందల విజిటింగ్ కార్డులుండి ఉపయోగం లేదు.

యూట్యూబ్‌లో అమెరికా లోన్ ఆఫీసర్లు చెప్పేవి ఇక్కడ పనికొస్తాయా?

ఒక్కటి పనికొస్తుంది. అక్కడ కొనేవాళ్లు ఇల్లు వెతక్కముందే బ్యాంకు నుంచి ఎంత లోన్ వస్తుందో లెటర్ తెచ్చుకుంటారు. ఇక్కడ కూడా ఇల్లు చూడకముందే శాంక్షన్ తెచ్చుకోవచ్చు, మనవాళ్లకే అలవాటు లేదు. మీరు ఏజెంటుకి ఆ అలవాటు చేస్తే సైట్ చూపించడానికి అయ్యే అతని పెట్రోలు సగం మిగులుతుంది. మిగతా విషయాలు అక్కడివే. రిఫరల్ కోసం డబ్బిచ్చి పుచ్చుకోవడాన్ని 1974 నాటి రెస్పా చట్టం అక్కడ నిషేధించింది కాబట్టి, కలిసి సెమినార్లు పెట్టడం, ఆదివారం ఖాళీ ఇంట్లో కుకీలు పెట్టి జనాన్ని పిలవడం లాంటివి చేస్తారు. ఎంవీపీ కాలనీలో ఓనరు లేకుండా ఇల్లు తెరిచి కుకీలు పెడితే పక్కింటివాళ్లు ముందు ఓనరుకి ఫోన్ చేస్తారు.

## తొలి పరిచయంలో

ఆఫీసుకి వెళ్తే "కార్డు అక్కడ పెట్టి వెళ్లండి" అంటున్నారు. ఏం మాట్లాడాలి?

వడ్డీ రేటు గురించి మాత్రం మాట్లాడొద్దు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లన్నీ బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపడ్డాయి. ఎక్కువ బ్యాంకులకు అది రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు. కాబట్టి బ్యాంకుకీ బ్యాంకుకీ తేడా పాయింట్లలోనే, అంటే చాలా కొద్దిగా ఉంటుంది. పైగా ఆ వడ్డీ కట్టేది ఏజెంటు కాదు.

నేను అడిగే ప్రశ్న ఒకటే. "గురువు గారూ, ఈ మధ్య లోన్ దగ్గర ఆగిపోయిన పార్టీ ఎవరైనా ఉన్నారా?" పార్టీ అంటే ఇల్లు కొనేవాళ్లు. అడిగి నోరు మూసుకుంటాను. అక్కయ్యపాలెంలో ఒకాయన ఇలా అడగ్గానే డ్రాయర్ లాగి, రబ్బరు బ్యాండు వేసిన జిరాక్సుల కట్ట బల్ల మీద పడేశారు. నాలుగు నెలలుగా ఆగిన ఫ్లాటు. చనిపోయిన ఓనరు పేరు మీదే ఉంది, వారసుల్లో ఒకామె సంతకం లేదు, ఆ సంగతి బ్యాంకు వాళ్లు ఆయనకి విడమరిచి చెప్పలేదు. ఏం కాగితం కావాలో ఒక తెల్లకాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. ఆ ఫైలు నాకు రాలేదు, వేరే బ్యాంకులోనే అయింది. తర్వాత వచ్చిన మూడు మాత్రం నావే.

ఎప్పుడు కలిస్తే మంచిది?

ఆదివారం పొరపాటున కూడా వెళ్లొద్దు, సైట్లు చూపించే రోజది. మంగళవారం మన వైపు చాలామంది అడ్వాన్సులివ్వరు, రిజిస్ట్రేషన్లు పెట్టుకోరు, కాబట్టి ఏజెంట్లు ఆఫీసులో ఖాళీగా దొరుకుతారు. ఆషాఢం, మూఢం ఇంకా మంచివి. నెలంతా బేరాల్లేక దిగాలుగా కూర్చుని ఉంటారు, తీరిగ్గా టీ తాగుతూ పాత గొడవలన్నీ చెబుతారు. శ్రావణం వచ్చాక ఎవరికీ ఊపిరాడదు. తొలి పరిచయానికి అది సమయం కాదు.

నేను అమ్మాయిని. టీ కొట్టు దగ్గర మీటింగులు, రాత్రి పదింటికి ఫోన్లు ఇబ్బందిగా ఉంటున్నాయి. ఎలా?

పగటిపూట వాళ్ల ఆఫీసులో గానీ మీ బ్రాంచిలో గానీ కలవండి. రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ ఎత్తను, మెసేజ్ పెట్టండి, ఉదయం తొమ్మిదికి జవాబిస్తాను అని మొదటి రోజే చెప్పేయండి. చెప్పినట్టు తొమ్మిదికి జవాబు వెళ్లాలి, అదే ముఖ్యం. "మేడమ్ మాటంటే మాటే" అనే పేరు రావడానికి రెండు మూడు ఫైళ్లు చాలు. ఎంత చెప్పినా పద్ధతి మార్చుకోని ఏజెంటు ఎన్ని ఫైళ్లిచ్చినా వదిలేయండి. మా టీమ్‌లో అలా వదిలేసిన అమ్మాయి ఆ ఏడాది మా అందరికంటే ముందుంది.

పండక్కి గిఫ్టులివ్వాలా?

మీ బ్యాంకు నిబంధన చూసుకోండి. స్వీట్ బాక్సు, డైరీ, ఆఫీసు ఓపెనింగ్‌కి ఒక బొకే, అంతే. వెండి గ్లాసు ఇచ్చి ఫైళ్లు తెచ్చుకున్నవాళ్లను నేను చూడలేదు.

## ఫైలు నడుస్తున్నప్పుడు

"మా పార్టీకి ఎంత వస్తుంది?" అని ఏజెంటు ఫోన్‌లోనే అడుగుతాడు. ఏం చెప్పాలి?

రెండు లెక్కలు వేసి, తక్కువ వచ్చినది చెప్పండి. మొదటిది ఇంటి లెక్క. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లోన్ 30 లక్షల వరకైతే విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం మించకూడదు. రెండోది జీతం లెక్క.

మర్రిపాలెంలో 60 లక్షల ఫ్లాటు అనుకుందాం. ఇంటి లెక్కలో 48 లక్షలు వస్తాయి. పార్టీ చేతికి వచ్చే జీతం 70 వేలు, కారు ఈఎంఐ 12 వేలు ఉంది. బ్యాంకు జీతంలో సగాన్ని కిస్తీలకు లెక్కేస్తే 35 వేలు, కారు పోను 23 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్షకు సుమారు 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. అంటే జీతం లెక్కలో 26 లక్షల చిల్లరే. ఏజెంటు 48 అనుకుని అడ్వాన్సు ఇప్పించేస్తాడు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. భార్య జీతం కలపొచ్చా, కారు లోన్ తీర్చేస్తారా అని ఆ ఫోన్‌లోనే అడగండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా అప్పుడే గుర్తుచేయండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. ఇంత ధర ఉన్న ఇంటికి దాన్ని లోన్ లెక్కలో కలపరు. 60 లక్షలకు నాలుగున్నర లక్షలు పార్టీ సొంతంగా తెచ్చుకోవాలి.

ఎలాంటి ప్రాపర్టీలకు చూడగానే "కష్టం" అని చెప్పేయాలి?

ఈ ఊళ్లో పనిచేసేవాళ్లకు ఈ జాబితా నోటికి రావాలి.

సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఉన్న పంచగ్రామాలు: అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. అక్కడ యాభై ఏళ్లుగా కాపురం ఉంటున్నవాళ్లున్నారు, ఇళ్లు బాగుంటాయి, రేటూ తక్కువే ఉంటుంది. ఏజెంటుకి ఆశ పుడుతుంది. సర్వే నంబరు చూడకుండా అక్కడి ఇంటి మీద మాటివ్వొద్దు.

తర్వాత 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో సర్వే నంబరు కొట్టి చూడొచ్చు. డీ పట్టా భూములకు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములకు, వాటి అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టం అడ్డొస్తుంది. ఊరి చివర లేఅవుట్ అయితే వీఎంఆర్‌డీఏ (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు అడగండి. "పంచాయతీ అప్రూవల్ ఉందండీ" అన్న మాట వినబడగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపార్ట్‌మెంట్లలో చూడాల్సింది ప్లాను. జీవీఎంసీ (మున్సిపల్ కార్పొరేషన్) ఆమోదించిన ప్లానులో మూడంతస్తులు, కళ్లెదుట నాలుగు. పార్టీకి నచ్చింది ఆ నాలుగో అంతస్తే, ఎందుకంటే సముద్రం కనిపిస్తుంది. ఇంకోటి చాలామంది మర్చిపోతారు. ప్లాను కోసం బిల్డరు కొంత భాగాన్ని జీవీఎంసీకి తనఖా పెడతాడు. అది విడిపించారా, లేదా అదే ఫ్లాటు మన పార్టీకి అమ్ముతున్నారా చూడాలి.

వీటిలో ఏది కనబడినా ఆ రోజు సాయంత్రంలోపే ఏజెంటుకి చెప్పేయండి. "చూద్దాం సార్, పైవాళ్లతో మాట్లాడతాను" అని పదిహేను రోజులు నాన్చితే, పార్టీ అడ్వాన్సు, ఏజెంటు పరువు, మీ నంబరు, మూడూ పోతాయి. తొందరగా కాదని చెప్పినందుకు నా మీద ఏ ఏజెంటూ అలగలేదు. ఆలస్యంగా అవునన్నందుకు అలిగినవాళ్లున్నారు.

ఫైలు లీగల్‌లో, అంటే బ్యాంకు లాయరు కాగితాలు చూసే దగ్గర ఆగింది. ఏజెంటుకి ఎలా చెప్పాలి?

"లీగల్ రాలేదు" అనొద్దు. ఆ మాట విన్న ఏజెంటు మీకేదో కావాలని అనుకుంటాడు. కాగితం పేరు చెప్పండి. "2004 నాటి లింకు డాక్యుమెంటులో (పాత దస్తావేజులో) ఒక సర్వే నంబరు ఉంది, ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రంలో) ఇంకోటి వస్తోంది, సవరణ దస్తావేజు రాయించాలి" అని చెబితే అతను గంటలో డాక్యుమెంటు రైటరు దగ్గరుంటాడు.

అమ్మేవాళ్లకే వేరే బ్యాంకులో లోన్ ఉంది. ఇలాంటి ఫైలు తీసుకోవాలా?

తప్పకుండా తీసుకోండి. వేరేవాళ్లు భయపడి వదిలేస్తారు. అమ్మేవాళ్ల బ్యాంకు నుంచి ఎంత కడితే లోన్ ముగుస్తుందో లెటరు, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా, ఈ రెండూ మొదటి వారంలోనే రావాలి. వ్యక్తుల ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కి ముందుగా కట్టేసినందుకు పెనాల్టీ ఉండదని అమ్మేవాళ్లకు చెప్పండి, చాలామందికి ఆ సంగతి తెలియదు. లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, బ్యాంకు తప్పిదం వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం కట్టాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన.

ఇలాంటి బేరంలో 45 రోజుల అగ్రిమెంటు రాయనివ్వకండి. 90 రోజులు పెట్టించండి. అమ్మేవాళ్లు గొణుగుతారు, ఏజెంటు సర్దిచెబుతాడు.

పార్టీ సిబిల్ స్కోరు ఎంతో ఏజెంటు అడుగుతున్నాడు. చెప్పొచ్చా?

చెప్పొద్దు. "ఈ పార్టీతో ముందుకెళ్లొచ్చు" లేదా "ఆరు నెలలు ఆగాలి" అన్నది చాలు, అదీ పార్టీకి ముందు చెప్పాకే. శాలరీ స్లిప్పులు, ఆధార్ ఏజెంటు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు. పార్టీ దగ్గర నుంచి మీరే నేరుగా తీసుకోండి.

## రిజిస్ట్రేషన్ రోజు

రిజిస్ట్రేషన్‌కి నేను కూడా వెళ్లాలా? బ్యాంకు లాయరు వెళ్తాడు కదా?

వెళ్లాలి. ఏజెంటుకి కమీషన్ చేతికొచ్చేది ఆ రోజే. ఆ రోజు మీరు ఎక్కడున్నారో అతను జన్మలో మర్చిపోడు.

ఇది నేర్చుకోవడానికి నేను ఫీజు కట్టాను. కెరీర్ మొదట్లో, ఒక పెద్దావిడ ఫ్లాటు అమ్ముతున్నారు. పదకొండు ఇరవైకి ముహూర్తం. నేను బ్రాంచిలోనే ఉండి డీడీ పంపించాను. సేల్ డీడ్‌లో ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, బ్యాంకు ఖాతాలో భర్త ఇంటిపేరుతో ఉంది. నేను సేల్ డీడ్ చూసి డీడీ తీయించాను. ఆవిడ కొడుకు డీడీ చూసి, ఇది మా ఖాతాలో పడదు అన్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద ఆవిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట, కొనేవాళ్లు పసుపు కుంకుమల పళ్లెంతో నిలబడ్డారట, ఏజెంటు నాకు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. డీడీ మార్చేసరికి సాయంత్రమైంది. మర్నాడు మంగళవారం, వద్దన్నారు. బుధవారం అయింది. ఆ ఏజెంటు ఎనిమిది నెలలు నా ఫోన్ ఎత్తలేదు.

అప్పట్నుంచి డీడీకి ముందు అమ్మేవాళ్ల పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తెప్పించుకుంటాను. బేరం 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ పోను డీడీ ఎంతకు తీయాలో ముందురోజే ఇద్దరితోనూ ఒప్పించుకుంటాను. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే లెక్క పూర్తిగా వేరు, ఆడిటర్ లేకుండా కదలొద్దు.

అమ్మేవాళ్లు డీడీ ముందే ఇమ్మంటారు, బ్యాంకు సంతకాలయ్యాకే అంటుంది. ఏం చెయ్యాలి?

డీడీ జిరాక్సు ముందురోజే అమ్మేవాళ్లకు పంపండి. ఆ నంబరు సేల్ డీడ్‌లో ఎలాగూ రాస్తారు. ఒరిజినల్ మీ చేతిలో కళ్లెదుటే ఉండాలి, వేలిముద్రలు పడగానే చేతికివ్వండి.

## డబ్బు దగ్గర

"ఫైలుకి నాకెంత?" అని ఏజెంటు సూటిగా అడిగితే?

మీ జీతంలోంచి గానీ ఇన్సెంటివ్‌లోంచి గానీ ఒక్క రూపాయి ఇవ్వొద్దు. బయటపడితే పోయేది మీ ఉద్యోగమే. మీ సంస్థలో బయటినుంచి ఫైళ్లు తెచ్చేవాళ్లకు డీఎస్ఏ లేదా కనెక్టర్ కోడ్ ఇచ్చే పద్ధతి ఉంటే అతని పేరు మీద అధికారికంగా తీయించండి. డబ్బు అతని ఖాతాలోకి, పన్ను కోసుకుని వస్తుంది. ఆ పద్ధతి లేకపోతే లేదని చెప్పండి. నిజానికి కమీషన్ మీద బతికే ఏజెంటుకి మీరిచ్చే ఐదు వేల కంటే రిజిస్ట్రేషన్ పదిరోజులు ముందుగా అవడం ఎక్కువ.

అగ్రిమెంటులో రేటు పెంచి రాస్తే లోన్ ఎక్కువ వస్తుంది కదా అంటున్నాడు. అందరూ చేస్తున్నారట?

వద్దు. వాల్యుయేషన్ చేసే ఇంజినీరు పక్క ఫ్లాటు ఎంతకు పోయిందో కనుక్కుంటాడు. రెండు అగ్రిమెంట్లు ఉన్నాయని తెలిసిన ఫైలు ముట్టుకోకండి. అలాగే 20 వేలు, ఆపైన నగదు అడ్వాన్సు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, అమ్మేవాళ్లకు అంతే పెనాల్టీ పడొచ్చు. ఈ ముక్క చెబితే సగం మంది వెనక్కి తగ్గుతారు.

## ఏళ్లు గడిచాక

నేను ఇంత చేస్తే ఫైలు వేరే బ్యాంకుకి ఇచ్చాడు. అడగాలా, మానాలా?

అడగండి, కోపం లేకుండా. "నా వల్ల ఏమైనా లేటయిందా సార్?" అంటే చాలు. పార్టీ జీతం ఖాతా అక్కడే ఉండొచ్చు, లేదా మీ పాలసీలో ఆ ఇల్లు పట్టదని అతనికి ముందే తెలిసి ఉండొచ్చు. నాకు ఒకాయన చెప్పిన కారణం, మా బ్రాంచి దగ్గర కారు పెట్టుకోడానికి చోటు లేదని. అప్పట్నుంచి నేనే ఆయన ఆఫీసుకి వెళ్తున్నాను.

బ్యాంకు మారితే ఏజెంట్లు నాతో వస్తారా?

ఫోన్ నంబరు మార్చకపోతే వస్తారు. పాత బ్యాంకు కస్టమర్ల జాబితా మాత్రం వెంట తీసుకెళ్లొద్దు.

శాంక్షన్ ఉన్న పార్టీ నన్నే ఏజెంటు పేరు అడిగితే, ఒకర్ని పంపొచ్చా?

ఒకర్ని కాదు, ఆ ఏరియాలో ఇద్దరు ముగ్గురి నంబర్లివ్వండి, ఎంచుకోవడం వాళ్లకే వదిలేయండి. బేరంలో మీరు కలగజేసుకోవద్దు.

మా బ్యాంకులో కాని ఫైలుని పక్క బ్యాంకు వాళ్లకు పంపమంటున్నాడు. పంపితే మేనేజరు ఊరుకుంటాడా?

ఫైలు పంపకండి, అది పార్టీ సొత్తు. ఫలానా తరహా ఇంటికి ఎలాంటి సంస్థల్లో అవకాశం ఉంటుందో మాత్రం చెప్పండి. నేను చెబుతాను, మా మేనేజరుకి తెలుసు. పెందుర్తి వైపు ఒక ఏజెంటు ఇప్పటికీ ఏ ఇల్లు చూసినా ముందు నాకు ఈసీ ఫొటో పెడతాడు, "ఇది మీకా, బయటికా?" అని. పదింట్లో నాలుగు మావి అవుతాయి.